తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో శారదమ్మ

హెడ్మాస్టర్ గదిలో శారదమ్మ నిలబడే ఉంది. ఆమె కొడుకు రంజిత్ తల దించుకుని గోడకు ఆనుకున్నాడు. ముందురోజు మధ్యాహ్నం తొమ్మిదో తరగతి బి సెక్షన్ గదిలో మూడు ఫ్యాన్ల రెక్కలు పైకి వంగిపోయి కనిపించాయి. బెంచీ మీద బెంచీ వేసి ఎక్కి వాటిని వంచిన ముగ్గురిలో రంజిత్ ఒకడు. మిగతా ఇద్దరి ఇళ్ల నుంచి ఎవరూ రాలేదు.

హెడ్మాస్టర్ సత్యనారాయణమూర్తి గారికి రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది. బడిలో ఆరువందల మంది పిల్లలు. ఉండాల్సిన టీచర్లలో మూడోవంతు లేరు. ఆయన గొంతు పెంచకుండానే విషయం చెప్పాడు. ఈ నెలలో ఈ అబ్బాయి మీద ఇది నాలుగో ఫిర్యాదు. క్లాసులో కప్పలా అరుస్తాడు. సార్లు బోర్డు వైపు తిరిగితే సుద్దముక్కలు విసురుతాడు. టీసీ తీసుకుని వేరే బడి చూసుకుంటే అందరికీ మంచిది.

శారదమ్మ మల్లాపూర్‌లో ఒక మందుల కంపెనీలో టాబ్లెట్ల ప్యాకింగ్ పని చేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టు. భర్త తిరుపతి అక్కడే దగ్గరలో రేకుపని షెడ్డులో పనిచేస్తాడు. జనగామ వైపు నుంచి వచ్చి చిల్కానగర్‌లో రెండు గదుల ఇంట్లో ఉండబట్టి పన్నెండేళ్లయింది. ఆమె చదివింది ఏడో తరగతి. కొడుకు ఇంగ్లీష్ మీడియంలో చదువుతున్నాడని కంపెనీలో పక్కన కూర్చునేవాళ్లకు ఎన్నోసార్లు చెప్పుకుంది. వాడు బడిలో కప్పలా అరుస్తాడన్న సంగతి ఆమెకు ఇవాళే తెలిసింది.

ఆమె బతిమాలలేదు. కాసేపు కొడుకు వైపు చూసి, తర్వాత హెడ్మాస్టర్ వైపు తిరిగింది.

"టీసీ వద్దు సార్. సోమవారం సంది పొద్దుగాల నేనే వచ్చి ఆ క్లాసుల కూసుంట. నా ముంగట వీడు తప్పు జేస్తే ఆ దినమే టీసీ రాయుండ్రి. సంతకం పెట్టి తీస్కపోత."

సత్యనారాయణమూర్తి గారు అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. కూలికీ షిఫ్టుకీ పోయే తల్లులు బడికి రావడమే కష్టం. ఈమె మాత్రం ఎన్నిరోజులు వస్తుంది, మహా అయితే రెండు రోజులు అనుకున్నాడు. సరే, ఒక వారం చూద్దామన్నాడు.

దారిలో రంజిత్ ఏడుపు ముఖంతో తల్లి వెంట నడిచాడు. క్లాసులో తల్లి కూర్చుంటే తన ఇజ్జత్ ఏం కావాలని అడిగాడు. ఫ్యాన్లు వంచినప్పుడు ఆ ఇజ్జత్ యాదికి రాలేదా అని ఆమె అడిగింది. ఆ తర్వాత వాడు నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ రోజు షిఫ్టు మానుకుని, సాయంత్రం ఆమె మిగతా ఇద్దరు పిల్లల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఒకడి తండ్రి పోశయ్య ఆటో నడుపుతాడు. పిల్లలు అల్లరి చేయక ఏం చేస్తారు, ఫ్యాన్లు సర్కారువే కదా అన్నాడు ఆయన. ఆ ఫ్యాన్ల కింద కూర్చునేది మన పిల్లలే కదా అంది శారదమ్మ. ఆదివారం తిరుపతి ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని బడికి వెళ్లి, రెక్కలు విప్పించి, తను పనిచేసే షెడ్డుకు మోయించాడు. ఒక్కో రెక్కనూ కర్రసుత్తితో కొట్టి సాపు చేయడానికి పొద్దంతా పట్టింది. కొట్టింది పిల్లలే. తిరుపతి పక్కన నిలబడి, ఎక్కడ వంకర ఉందో చూపించాడంతే. రెండు ఫ్యాన్లు బాగానే తిరిగాయి. మూడోది ఊగుతూ తిరిగింది.

సోమవారం ప్రార్థన అయ్యాక శారదమ్మ వెళ్లి చివరి బెంచీలో కూర్చుంది. నలభై ఆరు మంది పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. కొందరు నవ్వారు. రంజిత్ చెవులు ఎర్రబడ్డాయి.

మొదటి పీరియడ్ తెలుగు. తెలుగు మేడం బాగా చెప్పింది, పిల్లలు విన్నారు. రెండోది ఇంగ్లీష్. ఎవరూ రాలేదు. పది నిమిషాలు గడిచాక పిల్లలు బెంచీల మీద గుద్దడం మొదలుపెట్టారు. ముందు వరసలో కూర్చున్న కావ్య అనే అమ్మాయిని శారదమ్మ అడిగితే, ఇంగ్లీష్ మేడం ఆగస్టు నుంచి డిప్యుటేషన్ మీద ఏదో ఆఫీసులో పనిచేస్తోందని, పేరు ఇక్కడే ఉంది కాబట్టి ఇంకొకరిని వేయరని చెప్పింది. మూడో పీరియడ్‌లో లెక్కల సారు అరగంట గడిచాక వచ్చి, బోర్డు మీద జవాబులు రాసి, నోట్‌బుక్కుల్లో ఎక్కించుకోమని చెప్పి ఫోను చూసుకున్నాడు.

నాలుగో పీరియడ్ సైన్స్. దయాకర్ సార్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో గైడు. బల్ల దగ్గర నిలబడి గైడు తెరిచి ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాడు. ఒక పేరా చదివి, అండర్‌స్టుడ్ అని అడిగి, జవాబు కోసం చూడకుండానే ఇంకో పేరా చదివాడు. ఐదు నిమిషాల్లో వెనక వరసల్లో మాటలు మొదలయ్యాయి. పది నిమిషాలకు ఎక్కడినుంచో కప్ప అరిచింది. ఈసారి అరిచింది రంజిత్ కాదు. దయాకర్ సార్ ఒకడిని బయట నిలబడమన్నాడు. వాడు సంతోషంగా బయటికి వెళ్లాడు. సార్ మళ్లీ చదివాడు.

మొదటి రెండు రోజులు శారదమ్మ పిల్లలను చూసింది. ఎవడు అరుస్తున్నాడో, ఎవడు సుద్ద విసురుతున్నాడో కనిపెట్టి వాడివైపే చూస్తూ కూర్చునేది. ఇంట్లో పెద్దమ్మలాగా ఒక మనిషి కళ్లు తిప్పకుండా చూస్తుంటే ఎంత అల్లరివాడికైనా కొంచెం ఇబ్బందే. మూడో రోజు నుంచి ఆమె సార్‌ను చూడసాగింది. ఆయన పీరియడ్ మొత్తంలో ఒక్కసారి కూడా తల ఎత్తడం లేదు. పుస్తకం మీద నుంచి చూపు తీస్తే ఏదో జరిగిపోతుందన్నట్టు ఉండేవాడు.

వారం గడిచింది. ఆమె ఉన్నంతసేపు ఆ గది మీద ఫిర్యాదులు తగ్గాయి కాబట్టి హెడ్మాస్టర్ ఏమీ అనలేదు. ఒంటిగంటకు ఆమె లేచి, బస్టాపుకు పరుగెత్తి, మల్లాపూర్ చేరేది. మధ్యాహ్నం తర్వాత ఆ గది మళ్లీ మామూలేనని కావ్య చెప్పేది.

రెండో వారం బుధవారం దయాకర్ సార్ చలనం పాఠం చదువుతున్నాడు. శారదమ్మ లేచి నిలబడింది. తనకు ఒక్క ముక్క కూడా సమజ్ కాలేదని, పిల్లలకు కూడా అయినట్టు లేదని, ఇది ఏంటో తెలుగులో చెప్పమని అడిగింది. క్లాసు ఘొల్లుమంది. దయాకర్ సార్ ముఖం నల్లబడింది.

"ఇది ఇంగ్లీష్ మీడియం అమ్మా. మీరు అడిగిందే మేం జేస్తున్నం," అని పుస్తకం మూసి బయటికి నడిచాడు.

సత్యనారాయణమూర్తి గారు ఆమెను పిలిపించి, కూర్చోవడానికి ఒప్పుకున్నాను గానీ టీచర్లను నిలదీయడానికి కాదని గట్టిగానే చెప్పాడు. ఇంకోసారి ఇలా జరిగితే గేటు దగ్గరే ఆపించేస్తానన్నాడు. తప్పయిందని ఆమె ఒప్పుకుంది. నిజంగానే తప్పు అనిపించింది. పిల్లల ముందు అడగాల్సిన మాట కాదు అది.

మధ్యాహ్న భోజనం వేళ దయాకర్ సార్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆమె వెళ్లి నిలబడింది. పిల్లల ముంగట అట్ల అడగొద్దుండె, మాఫ్ చేయండని చెప్పింది. ఆయన చేతిరుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. పిల్లలు ప్లేట్లు పట్టుకుని పక్కనుంచి పోతున్నారు. వాళ్లు దూరమయ్యాక ఆయన మాట్లాడాడు.

"ఇరవై ఆరేండ్లు తెలుగుల చెప్పిన అమ్మా. నా క్లాసంటే పిల్లలు ఉరికొచ్చేది. ఇప్పుడు పుస్తకం మూస్తే నాకు మాట రాదు. తల ఎత్తితే ఎవడన్న ఏదన్న అడుగుతడేమోనని భయం. అందుకే ఎత్తను."

శారదమ్మకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ల కింద ఇదే బడి వరండాలో తల్లిదండ్రుల మీటింగు జరిగింది. ఇంగ్లీష్ మీడియం కావాలా అని అడిగితే అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆమే. మా పిల్లలకు తెలుగు వద్దు, తెలుగు చదివే మేం ఇట్ల అయినమని లేచి నిలబడి చెప్తే చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషులో ఎవరు చెప్తారు, వాళ్లకు ఎవరు నేర్పుతారు అన్న ప్రశ్న ఆమెకు ఆ రోజు రాలేదు. అక్కడున్న ఎవరికీ రాలేదు. ఆ సంగతి ఆమె దాచుకోకుండా ఆయనతో చెప్పింది.

"నా పోరనికి ఇంగ్లీష్ గావాలె సార్. ఇప్పటికీ గావాలె. కానీ గిట్ల గాదు. పేర్లు ఇంగ్లీషుల చెప్పుండ్రి, అర్థం తెలుగుల చెప్పుండ్రి."

పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్నాయని, తనకూ అలా చెప్పాలనే ఉంటుందని ఆయన అన్నాడు. కానీ క్లాసులో తెలుగు వినిపించకూడదని హెడ్మాస్టర్ గట్టిగా చెప్పాడు. తనిఖీకి వచ్చిన అధికారి చెవిన పడితే మెమో వస్తుంది. మెమో వస్తే మేము మాట్లాడతామని శారదమ్మ చెప్పింది. ఆ 'మేము'లో తను తప్ప ఇంకెవరూ లేరని షిఫ్టుకు పోయే బస్సులో కూర్చున్నాక గానీ ఆమెకు తట్టలేదు.

ఆ ఆదివారం, దాని తర్వాతి ఆదివారం ఆమె తిరిగింది. చిల్కానగర్ సందులు, నాచారం వైపు పిల్లల ఇళ్లు, పనులకు పోయేవాళ్లు దొరికే వేళలు చూసుకుని తిరిగింది. రంజిత్ దారి చూపించడానికి వెంట వచ్చాడు. మొదట్లో నాలుగు అడుగులు వెనక నడిచేవాడు. రెండో ఆదివారం పక్కనే నడిచాడు. హెడ్మాస్టర్‌తో మీటింగుకు ముప్పై ఇళ్ల వాళ్లు వస్తామన్నారు. మీటింగు రోజు పొద్దున హెడ్మాస్టర్ గది ముందుకు వచ్చింది పదకొండు మంది.

వాళ్లలో పోశయ్య ఉన్నాడు. సైన్స్ పాఠం అర్థం తెలుగులో చెప్పించండని శారదమ్మ అడగగానే ఎదురు చెప్పిన మొదటివాడు ఆయనే.

"ప్రైవేటు బడులల్ల పిల్లలు దబదబ ఇంగ్లీష్ మాట్లాడుతున్నరు. మన పిల్లలకు మల్లా తెలుగేనా చెల్లె? ఫీజు కట్టలేనోళ్లకు గింతే అంటవా?"

మరో ఇద్దరు ఆయన మాట నిజమేనన్నారు. సత్యనారాయణమూర్తి గారికి కొంచెం బలం వచ్చింది. ఈ క్లాసులో ఇంగ్లీష్ బాగానే నడుస్తోందని, కావాలంటే చూడండని కావ్యను పిలిపించాడు. కావ్య సైన్స్ పుస్తకం తీసి అర పేజీ చదివింది. ఎక్కడా తడబడలేదు. వింటున్న తల్లుల ముఖాల్లో ఆశ్చర్యం కనిపించింది. హెడ్మాస్టర్ అందరి వైపు చూశాడు.

శారదమ్మ కావ్య దగ్గరికి వెళ్లి, చదివినదానికి అర్థం ఏంది బిడ్డా అని మెల్లగా అడిగింది.

కావ్య పుస్తకం వైపు చూసింది, తర్వాత హెడ్మాస్టర్ వైపు చూసింది. "తెల్వది ఆంటీ," అంది. గొంతు సన్నగా ఉంది గానీ స్పష్టంగానే అంది. క్లాసులో ఎవరికీ తెలియదని, పరీక్షకు గైడులోని జవాబులు బట్టీ పడతామని, ప్రశ్న కొంచెం మారితే వదిలేస్తామని చెప్పింది.

పోశయ్య తన కొడుకు రోజూ చదివే పాఠాలు కూడా ఇంతేనా అని అడిగాడు. అందరివీ అంతేనని కావ్య చెప్పింది. ఆయన తల గోక్కుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సత్యనారాయణమూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. శారదమ్మ ఆయనను నిందించడానికి రాలేదని చెప్పింది. ఒక్క నెల, ఒక్క సైన్స్ క్లాసులో దయాకర్ సార్‌ను తన పద్ధతిలో చెప్పనీయండి, నెల చివర పరీక్ష పెట్టండి, మార్కులు తగ్గితే మేం మళ్లీ నోరెత్తం అని అంది. పైనుంచి ఎవరైనా వచ్చి అడిగితే తల్లిదండ్రులు రాసిచ్చారని చెప్పమని, కాగితం మీద పదకొండు మంది పేర్లు రాసి సంతకాలు పెట్టించింది. ఇద్దరు వేలిముద్ర వేశారు. పోశయ్య చివర్లో, పెన్ను కాసేపు చేతిలో తిప్పుకుని, సంతకం పెట్టాడు.

"ఒక్క నెల," అన్నాడు హెడ్మాస్టర్. "ఆ తర్వాత పరీక్ష చెప్పినట్టే నడుద్దాం."

మర్నాడు దయాకర్ సార్ క్లాసుకు గైడు లేకుండా వచ్చాడు. చేతిలో పుస్తకం లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత బోర్డు మీద మూడు చుక్కలు పెట్టాడు. ఉప్పల్, హబ్సిగూడ, నాచారం అని రాశాడు.

"ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ బస్సెక్కినం. మూడు కిలోమీటర్లు పోతే హబ్సిగూడ. ఆడ కుడికి తిరిగి రెండు కిలోమీటర్లు పోతే నాచారం. మొత్తం ఎంత తిరిగినం?"

ఐదు అని నలుగురు చెప్పారు. కాకి ఉప్పల్ నుంచి నాచారానికి సూటిగా ఎగిరిపోతే అంతే దూరమా అని అడిగాడు ఆయన. తక్కువేనని అందరూ అరిచారు. అప్పుడు బోర్డు మీద ఉప్పల్ చుక్క నుంచి నాచారం చుక్కకు సూటిగా గీత గీశాడు. తిరిగిన దారంతా కొలిస్తే డిస్టెన్స్, మొదలైన చోటు నుంచి చేరిన చోటికి సూటిగా కొలిస్తే డిస్‌ప్లేస్‌మెంట్ అని ఇంగ్లీషులో రాసి, అందరిచేత రెండేసి సార్లు పలికించాడు. ఆ తర్వాత పుస్తకం తెరిపించి, తను అంతకు ముందు చదివి వదిలేసిన పేరానే కావ్య చేత చదివించాడు. ఇప్పుడు అందులోని మాటలు కొన్ని పిల్లలకు తెలిసిన మాటలు.

రంజిత్ చెయ్యెత్తాడు. ఆ బడిలో చేరాక వాడు క్లాసులో చెయ్యెత్తడం అదే మొదటిసారి. "మా అమ్మ దినాం మల్లాపూర్ పోయి మల్ల ఇంటికే వస్తది సార్. అంటే డిస్‌ప్లేస్‌మెంట్ సున్నానా?"

పిల్లలు నవ్వారు. దయాకర్ సార్ కూడా నవ్వాడు. సున్నానే అన్నాడు. కానీ తిరిగిన దూరం సున్నా కాదని, అది మీ అమ్మ కాళ్లను అడిగితే చెప్తాయని అన్నాడు. చివరి బెంచీలో శారదమ్మకు పాఠం అర్థమైంది. ఏడో తరగతి తర్వాత ఒక పాఠం పూర్తిగా అర్థమవడం అదే. ఆమె కళ్లు తుడుచుకుంటే పక్క బెంచీ అమ్మాయి ఏమైందని అడిగింది. ఏం లేదు, సుద్దపొడి అని చెప్పింది.

ఆ ఒక్కరోజుతో అంతా చక్కబడలేదు. గురువారం మళ్లీ కప్ప అరిచింది. దయాకర్ సార్ ఎవరినీ బయటికి పంపలేదు. అరిచినవాడిని పిలిచి, సుద్ద చేతికిచ్చి, వాడి ఇంటి నుంచి బడికి వచ్చే దారి బోర్డు మీద గీయమన్నాడు. వాడు సిగ్గుపడుతూ గీశాడు. మరో రోజు ఇద్దరు పిల్లలు గదిలో కొట్టుకుంటే ఆయన కోపం పట్టలేక అరిచి, ఆ పీరియడ్ మిగిలినంతసేపు పాఠమే చెప్పలేకపోయాడు. ఒక రోజు ఇంగ్లీష్ మాట గుర్తురాక ఆగిపోతే, కావ్య పుస్తకంలో చూసి అందించింది. పిల్లలు నవ్వుతారని ఆయన భయపడ్డాడు గానీ ఎవరూ నవ్వలేదు. ఆ రాత్రి నుంచి తను కూడా ఇంటి దగ్గర ఇంగ్లీషు పేజీ చదువుకుని వస్తున్నానని శారదమ్మతో చెప్పాడు.

నెలాఖరు పరీక్ష ప్రశ్నపత్రం హెడ్మాస్టర్ స్వయంగా తయారుచేశాడు. గైడులో లేని ప్రశ్నలు మూడు పెట్టాడు. అంతకు ముందు పరీక్షలో సైన్స్ గట్టెక్కింది తొమ్మిది మంది. ఈసారి ముప్పై ఒక్కరు. రంజిత్ బొటాబొటిగా పాసయ్యాడు. పోశయ్య కొడుకు తప్పాడు, కానీ గైడులో లేని ప్రశ్నల్లో రెండింటికి జవాబు రాశాడు. ఆ కాగితం పోశయ్య ఆటోలో పెట్టుకుని ఎక్కినవాళ్లలో ముగ్గురికో నలుగురికో చూపించాడని తర్వాత తెలిసింది. సత్యనారాయణమూర్తి గారు దయాకర్ సార్‌ను పిలిచి, సంవత్సరమంతా అలాగే చెప్పమన్నాడు. మిగతా సెక్షన్లలో కూడా.

శారదమ్మ అక్కడితో ఆగలేదు. అర్థం తెలుగులో చెప్తే పిల్లలకు సైన్స్ వస్తుంది, కానీ ఇంగ్లీష్ రాదు. ఇంగ్లీష్ నేర్పాల్సిన మనిషి నాలుగు నెలలుగా ఆఫీసులో కూర్చుంది. పోశయ్య అన్న మాటలో నిజం ఉందని ఆమె మొదటినుంచీ ఒప్పుకుంటూనే ఉంది. అందుకని ఈసారి ఆమే పోశయ్య ఇంటికి వెళ్లి, మండల విద్యాధికారి ఆఫీసుకు పోదాం అన్నా, నువ్వు ముంగట ఉండి మాట్లాడాలె అంది. ఆయన ఆ రోజు కిరాయిలు మానుకుని ఆటోలో ఆరుగురిని ఎక్కించుకున్నాడు. మిగతావాళ్లు బస్సులో వచ్చారు. ఈసారి పంతొమ్మిది మంది అయ్యారు.

తను ప్రభుత్వ ఉద్యోగినని, వెంట రాలేనని హెడ్మాస్టర్ చెప్పాడు. కానీ ఇంగ్లీష్ పీరియడ్లు ఎన్ని ఖాళీగా పోయాయో లెక్కకట్టి, సంతకం, ముద్ర వేసి ఇచ్చాడు. ఆ కాగితం చూశాక అధికారి మొదట్లో చూపిన చిరాకు చూపలేదు. పై ఆఫీసుకు రాస్తానన్నాడు. ఎన్నిరోజుల్లో అని పోశయ్య అడిగాడు. పదిహేను రోజులన్నాడు. పదిహేను రోజులు కాగానే వాళ్లు మళ్లీ వెళ్లారు. రెండోసారి కూడా జవాబు రాలేదు. మూడోసారి వెళ్లినప్పుడు లోపలికి పిలవకపోతే గంటన్నర మెట్ల మీద కూర్చున్నారు. శారదమ్మకు ఆ రోజు షిఫ్టు పోయింది.

జనవరి మూడో వారంలో ఇంగ్లీష్ టీచర్ ఛాయాదేవి బడికి తిరిగి వచ్చింది. పూర్తిగా కాదు, వారానికి నాలుగు రోజులు. ఆఫీసు పని వదిలి రావాల్సి వచ్చినందుకు ఆమె సంతోషంగా ఏమీ లేదు. మొదటి రోజు తొమ్మిది బి గదిలోకి వచ్చి, చివరి బెంచీలో కూర్చున్న మనిషిని చూసి, మీరెవరని అడిగింది. పిల్లలంతా వెనక్కి తిరిగారు.

శారదమ్మ లేచి నిలబడింది. "రంజిత్ వాళ్ల అమ్మను మేడం. వచ్చే వారం సంది నాకు పొద్దుగాల షిఫ్టు. నేను రాను. పోశయ్యన్న భార్య వస్తది, ఆమె తర్వాత ఇంకొగామె వస్తది. మేం అడ్డం రాం. మీరు చెప్పుండ్రి, మేం వింటం."

ఛాయాదేవి ఆమెను కొంచెంసేపు చూసింది. తర్వాత హాజరు పుస్తకం పక్కన పెట్టి, ఈ క్లాసు ఎక్కడ ఆగిపోయిందని పిల్లలను అడిగింది. మొదటి పాఠం దగ్గరే అని కావ్య చెప్పింది. అయితే మొదటి పాఠమే తీయమని ఆమె సుద్దముక్క అందుకుంది. శారదమ్మ కూర్చుని, పక్కనున్న అమ్మాయి పుస్తకంలోకి వంగింది.